గార్డెనింగ్ క్లబ్ సాయంత్రానికి ఎవర్ని పిలవాలి: సైంటిస్టునా, నర్సరీ ఆయన్నా, పక్క వీధి మిద్దెతోట ఆవిడనా?

విశాఖలో ఇప్పుడు చాలా కాలనీల్లో మొక్కల గ్రూపులున్నాయండి, ఎంవీపీ, సీతమ్మధార, మధురవాడ, గాజువాక, ఉక్కునగరం, ఎక్కడ చూసినా వాట్సాప్‌లో విత్తనాలు పంచుకోడంతో మొదలై, నెలకోసారి కలుద్దాం అనుకుని, తర్వాత ఎవరైనా తెలిసినవాళ్లని పిలిచి మాట్లాడిద్దాం అనే దగ్గరికి వస్తారు. ఇక అక్కడ్నుంచి చర్చ. ఒకరు యూనివర్సిటీ సైంటిస్టు అంటారు, ఒకరు కడియం నర్సరీ ఆయన అంటారు, ఇంకొకరు మా వీధిలో ఒకావిడ ఉన్నారు, ఆవిడ మేడ మీద కాసినన్ని బీరకాయలు రైతుబజార్లో కూడా ఉండవు అంటారు. మా క్లబ్‌లో మీటింగులు చూసుకునే పనిలో నేనూ ఉన్నాను కాబట్టి, ఎవర్ని పిలిస్తే ఏం దొరుకుతుంది, ఎప్పుడు పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది నాకు అర్థమైనంత రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక మాట. స్పీకర్ పేరు తర్వాత చూసుకోవచ్చు, ఈ నెల మీ సభ్యుల బాధ ఏంటో ముందు చూడండి. ఓ పది రోజుల ముందు గ్రూపులో అడగండి, ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నే పెట్టాలి, ఫోటో ఉంటే ఫోటోతో. ఆ ప్రశ్నలన్నీ ఒక్కసారి వరసగా చదివితే ఎవర్ని పిలవాలో సగం అక్కడే తేలిపోతుంది. ఆకుల కింద తెల్లగా బూజులా ఉంది అని ఎక్కువ మంది పెడితే పురుగుల మీద పని చేసిన సైంటిస్టు కావాలి. పూత వస్తోంది కానీ పిందె నిలవట్లేదు అంటే మిద్దెతోట అనుభవం ఉన్న మనిషి కావాలి. ఏ రకం కొనాలి, ఎక్కడ కొనాలి అంటే నర్సరీ మనిషి. శ్లాబు చెమ్మ దిగుతోంది అంటే మొక్కలవాళ్లెవరూ అక్కర్లేదు, సివిల్ ఇంజనీరు కావాలి. ఇది చూసుకోకుండా పేరు పెద్దదని పిలిస్తే ఆయన తన సబ్జెక్టు చెప్పుకుని వెళ్లిపోతారు, మన ప్రశ్నలు మన దగ్గరే ఉండిపోతాయి, ఇద్దరి సాయంత్రం వృథా.

సైంటిస్టుల సంగతి. మనకి దగ్గర్లో అనకాపల్లిలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, కానీ అది ప్రధానంగా చెరకు, బెల్లం మీద పని చేసే కేంద్రం. కాబట్టి ఎవరో ఒకర్ని పంపండి అని అడిగితే చెరకు రకాల మీద జీవితమంతా పని చేసిన పెద్దాయన రావచ్చు, ఆయన్ని పట్టుకుని మా గులాబీ ఎందుకు పూయట్లేదు అని అడగడం ఆయనకీ ఇబ్బందే. ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) వాళ్లు కావాలి, లేదా ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ల శాస్త్రం) వాళ్లు కావాలి అని ఉత్తరంలో స్పష్టంగా రాయండి, ప్రశ్నల జాబితా కూడా జతచేయండి. ఇక పళ్లు, పూలు, కూరగాయల మీదే పని చేసేది డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, అది తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉంది, అక్కడ్నుంచి ఒక మనిషి వచ్చి వెళ్లాలంటే రోజంతా పోతుంది, అందుకే వాళ్లని వీడియో కాల్‌లో అడగడమే మేలనిపిస్తుంది నాకు. కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లకి రైతులతో మాట్లాడే అలవాటు ఉంటుంది కాబట్టి భాష తేలిగ్గా ఉంటుంది, నా వరకు ముందు వాళ్లనే అడుగుతా.

సైంటిస్టు విలువ ఎక్కడ తెలుస్తుందంటే సర్పిలాకార తెల్లదోమ లాంటి విషయంలో. కొబ్బరి ఆకు కింద తెల్లటి మైనపు చుట్టలు పెడుతుంది కదా, కింద ఉన్న జామ, అరటి ఆకుల మీదికి కూడా వస్తుంది, అది వదిలే తియ్యటి జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లగా అయిపోతాయి. ఇది మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు మొదట కనపడింది, తర్వాత మన కోస్తా కొబ్బరికీ వచ్చింది. మనవాళ్లు ఆ నల్లటి ఆకు చూసి ఏదో తెగులు అనుకుని శిలీంధ్ర మందు కొడతారు, దోమ అలాగే ఉంటుంది. ఇంకొందరు గట్టి పురుగుమందు కొడతారు, దాంతో ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి, ఆ దోమ పిల్లల్ని తినేది, అదే ముందు చచ్చిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు దీని మీద ఐసేరియా అనే మిత్ర శిలీంధ్రాన్ని రైతులకి అందించారు. పైపుతో ఆకు అడుగున నీళ్లు జోరుగా కొట్టడం, వేపనూనె, మిత్రపురుగుల్ని వదిలేయడం, ఇంత క్రమంగా కారణంతో సహా చెప్పగలిగేది చదువుకున్న మనిషే, యూట్యూబ్ చూసి ఎవరూ చెప్పలేరు.

కానీ రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, వాళ్ల లెక్కలు ఎకరాల్లో ఉంటాయి, ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో ఇంత మందు అంటారు, మేడ మీద పది కుండీలున్న ఆవిడ అది రాసుకుని ఏం చేస్తుంది? లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది చెప్పమని ముందే అడగండి. వేపనూనె ఒక్కటే చూడండి, డబ్బా మీద 1500 పీపీఎం (మందు గాఢత) అని ఉంటే లీటరుకి 5 మి.లీ. కలుపుతాం, అదే 10000 పీపీఎం అని ఉంటే అంత కలపకూడదు, చాలా తక్కువ సరిపోతుంది, ఈ తేడా తెలీక ఎంతమంది లేత ఆకులు మాడ్చుకున్నారో. రెండోది, పురుగు పట్టిన మొక్కని కుండీతో సహా మీటింగుకి పట్టుకొస్తారు కొంతమంది, దయచేసి వద్దు. పిండినల్లి పక్కవాళ్ల సంచీలోకి ఎక్కి వాళ్లింటికి వెళ్లిపోతుంది. ఒక ఆకు, ఒక చిన్న కొమ్మ తుంచి జిప్ కవర్లో గాలి పోకుండా మూసి తీసుకురమ్మనండి, పైన పేరు, ఎన్నాళ్లుగా ఉంది, ఏం కొట్టారు అన్నది రాయమనండి. స్పీకర్ ఆ కవర్లు వరసగా చూస్తూ మాట్లాడితే చాలు, స్లైడ్లు అక్కర్లేదు.

ఇక మిద్దెతోట చేసే మనిషి, మన ఊళ్లోనే, మనకి తగిలే గాలిలోనే. నన్నడిగితే ఏడాదిలో ఎక్కువ సాయంత్రాలు వీళ్లకే ఇవ్వాలి. ఎందుకంటే విశాఖ తోట సమస్యలు పుస్తకంలో తోట సమస్యల్లా ఉండవు. లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు మీద ఉప్పుగాలికి ఆకు అంచులు గోధుమరంగుకి మాడిపోతాయి, అది చూసి పొటాష్ లోపం అనుకుని ఇంకా ఎరువు వేస్తారు, ఉప్పు మీద ఉప్పు. పెందుర్తి వైపు ఆ గాలి అంత ఉండదు, అక్కడ వేరే బాధ. బీచ్ వైపు బోరు నీళ్లు కొన్నిచోట్ల ఉప్పదనం తగిలి మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. ఇవన్నీ రోజూ చూసి, వర్షాకాలంలో ఆకులు వాననీళ్లతో కడుక్కుంటాయి కాబట్టి అప్పుడు కోలుకుంటాయి, ఎండాకాలంలో సాయంత్రం మంచినీళ్లతో ఆకులు తడపాలి, గాలి వచ్చే వైపు గన్నేరు, నూరు వరహాలు, బోగన్‌విలియా వరస పెట్టి లోపల కూరగాయలు పెట్టాలి, మునగ ఒంటరిగా పెడితే విరిగిపోతుంది, ఇలాంటివి చెప్పగలిగేది అక్కడ పండించే మనిషే.

ఇబ్బంది ఏంటంటే వీళ్లలో చాలామంది మైక్ ఇస్తే మాట్లాడరు. ముఖ్యంగా పెద్దావిడలు, ఇంట్లో గంటలు గంటలు చెప్తారు, సభలో లేచి నిలబడగానే నాకేం తెలుసమ్మా, ఏదో ఇష్టంతో పెంచుకుంటున్నా అని రెండు నిమిషాల్లో కూర్చుండిపోతారు. దీనికి మంచి ఉపాయం ప్రసంగం అనకుండా ముచ్చట అనడం. క్లబ్‌లో మాట కలిపే ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, పిన్నిగారూ మీ మట్టిలో ఏం కలుపుతారు, ఆ గెత్తం ఎక్కడ్నుంచి తెప్పిస్తారు, ఎన్నాళ్లు మాగనిస్తారు, పోయినేడు పోయిన మొక్కలేంటి అని అడిగిస్తే చాలు, తర్వాత ఆపడమే కష్టం. పోయిన మొక్కల ప్రశ్న తప్పకుండా అడగండి, కాసినవాటి గురించి అందరూ చెప్తారు కానీ పోయినవాటి గురించి చెప్పిందే మనకి డబ్బులు మిగులుస్తుంది. ఇంకో జాగ్రత్త, ఆవిడ మేడ ఏ దిక్కు, ఎన్ని గంటల ఎండ, కార్పొరేషన్ నీళ్లా బోరా, ఇవి మొదట్లోనే అడిగి అందరికీ చెప్పాలి, లేకపోతే తూర్పు ఎండ మాత్రమే వచ్చే బాల్కనీ వాళ్లు ఆవిడ చేసిందే చేసి నిరాశపడతారు.

నర్సరీ వాళ్ల విషయానికొస్తే, రాజమండ్రి దగ్గర కడియం వైపు తరతరాలుగా అదే పని చేసే కుటుంబాలున్నాయి, విశాఖలో నర్సరీలకి కూడా చాలా మొక్కలు అక్కడ్నుంచే లారీల్లో వస్తాయి. చేతిపని నేర్చుకోవాలంటే వీళ్లని మించినవాళ్లు లేరు. గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీదుండగానే దానికి వేర్లు పుట్టించడం, ఎలా కడతారో ఎన్ని వీడియోలు చూసినా రాదు, జామ కొమ్మ మీద బెరడు ఉంగరంలా ఎంత వెడల్పు తీయాలి, లోపలి జిగురు పొర ఎలా గీకాలి, తడి మాస్ (నాచు) ఎంత పిండి పెట్టాలి, కవర్ ఎంత బిగించాలి అన్నది ఆ వేళ్లు చూస్తేనే తెలుస్తుంది. వానాకాలంలో కడితే నెల, నెలన్నరలో వేర్లు కనిపిస్తాయి, తర్వాత మీటింగుకి ఎవరి కొమ్మ వాళ్లు తెచ్చి చూపించుకోవచ్చు, గ్రూపులో ఉత్సాహం ఎంత పెరుగుతుందో చెప్పలేను. వాళ్లతో ఒక్కటి ముందే మాట్లాడుకోవాలి, మొక్కలు అమ్ముకునేది మీటింగ్ అయ్యాకే, అది కూడా బయట. లేకపోతే సగం మంది వెనక మొక్కలు ఏరుకుంటూ ఉంటారు. ఇంకా నర్సరీ మొక్క వేరు చుట్టూ ఉండే గట్టి బంకమట్టి ముద్దని ఏం చేయాలి, అలాగే పెట్టాలా, నానబెట్టి వదులు చేయాలా అని అడగండి, కొన్న మొక్క నెల తిరక్కుండా చచ్చిపోడానికి చాలాసార్లు అదే కారణం, నీళ్లు చుట్టూ ఉన్న కొబ్బరి పొట్టులోకి, అదే కోకోపీట్‌లోకి పోతాయి కానీ ఆ ముద్దలోకి దిగవు.

ఎరువుల కంపెనీ ప్రతినిధులు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తారు, ఉచితంగా వస్తాం, టీ ఖర్చు మేమే పెట్టుకుంటాం, అందరికీ శాంపిల్ ఇస్తాం అని. నేనైతే వద్దంటాను. తప్పనిసరై పిలిస్తే లేబుల్ ఎలా చదవాలో చెప్పమనండి, నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు ఎక్కడ రాసుంటాయి, పురుగుమందు డబ్బా మీద త్రికోణం ఎరుపు ఉంటే అతి ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని వరసగా ఎలా తగ్గుతుంది, అది చెప్తే ఏ కంపెనీ ఆయనైనా మనకి ఉపయోగమే.

ప్రకృతి వ్యవసాయం చేసే రైతుని పిలవడం మాత్రం నాకు చాలా ఇష్టం. జీవామృతం (పేడతో చేసే ద్రవ ఎరువు) కొలతలు అందరూ 200 లీటర్లకే చెప్తారు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. అపార్ట్‌మెంట్ వాళ్లకి 20 లీటర్ల బకెట్ చాలు, అంటే కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి. అనకాపల్లి బెల్లం మన పక్కనే ఉంది, నల్ల బెల్లమైతే ఇంకా మంచిదంటారు. అక్కడే కలిపి చూపిస్తే బాగుంటుంది కానీ పై అంతస్తులో వాళ్లు వాసనకి గొడవ పెట్టకుండా ముందే చెప్పుకోండి, రెండు రోజులు నీడలో ఉంచి పొద్దున, సాయంత్రం కలపాలి, వారం లోపు వాడేయాలి.

ఎవరూ ఆలోచించని మనిషి ఒకరున్నారు, స్ట్రక్చరల్ ఇంజనీరు. ఏడాదికి ఒక్కసారైనా పిలవాలి, ముఖ్యంగా పాత ఇళ్లు ఎక్కువున్న కాలనీల్లో. మనుషులు తిరిగే మేడకి మామూలుగా చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్ల బరువు లెక్కలో డిజైన్ చేస్తారు, అంటే ఉరామరిగా 150 కిలోలు. ఇప్పుడు అడుగు లోతు మట్టి మడి కట్టి నీళ్లు పోస్తే, తడిసిన మట్టి ఘనపు మీటరుకి 1700 కిలోల దాకా తూగుతుంది కాబట్టి, చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. మూడు రెట్లకి పైన! అందుకే మడులు కట్టేవాళ్లు దూలాల మీద, గోడల మీద బరువు పడేలా పెట్టుకోవాలి, మట్టిలో కోకోపీట్ వాటా పెంచాలి, డ్రమ్ములు శ్లాబు మధ్యలో పెట్టకూడదు. ఈ మాట మొక్కల స్పీకర్లు ఎవరూ చెప్పగా నేను వినలేదు, కానీ మన సభ్యుల ఇళ్లకి సంబంధించింది కదా.

చెట్ల గురించి అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయం బోటనీ విభాగం మన ఊళ్లోనే ఉంది, రిటైరైన అధ్యాపకులు పిలిస్తే ఆనందంగా వస్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరి పచ్చదనం ఒక్క రోజులో ఎలా పోయిందో ఇక్కడ అందరికీ గుర్తే, ఏ చెట్టు పడింది, ఏది నిలబడింది, వీధిలో మళ్లీ ఏది నాటాలి అన్నది వాళ్లు చెప్తుంటే పిల్లలు కూడా వింటారు. ఆ సాయంత్రం హాల్లో వద్దు, శివాజీ పార్కులాంటి చోట నడుస్తూ పెట్టుకోండి.

చోటు గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నా, హాలా మేడా అంటే నా ఓటు మేడకే, కానీ మన ఊరు తూర్పు తీరం, నవంబర్, డిసెంబర్లలో ఐదున్నర లోపే పొద్దు పోతుంది, ఆరింటికి మీటింగ్ అంటే చీకట్లో ఆకులు చూడ్డమే. ఆ నెలల్లో నాలుగింటికి మొదలెట్టాలి, జూన్‌లో అయితే ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. సాయంత్రం మీటింగుకి మేడ మీద ఇంకో లాభం ఉంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి. చాలామంది పొద్దున కాఫీ తాగుతూ బీరపూవుకి చేత్తో పరాగం రాసి పిందె రాలేదని బాధపడతారు, అప్పటికి పూవు వాడిపోయి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఆరింటికి బీరపాదు ఉన్న మేడ మీద మీటింగ్ పెడితే మగపూవు తుంచి ఆడపూవుకి ఎలా అంటించాలో, కింద చిన్న పిందె ఉన్నదే ఆడపూవని, అందరికీ అక్కడికక్కడే చూపించొచ్చు. హాల్లో ప్రొజెక్టర్ మీద ఇది ఎంత చెప్పినా రాదు. వానొస్తే ఏంటి అంటారు, మెట్ల గదిలోకి జరగాలి, ఇరవై మందికి మించితే అది కుదరదు కాబట్టి పెద్ద గ్రూపులకి హాలే గతి.

నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంటు వాళ్లు ఉన్న గ్రూపుల్లో తెలుగు రాని సభ్యులుంటారు, వాళ్ల కోసం స్పీకర్‌ని ఇంగ్లీషులోకి మారమంటే రైతు మాట సగం పోతుంది, పక్కన ఒకరు కూర్చుని మెల్లగా చెప్తే సరిపోతుంది.

డబ్బు సంగతి మొహమాటపడకుండా ఫోన్లోనే చెప్పేయండి, ప్రయాణ ఖర్చు ఇస్తాం, ఇంత గౌరవంగా ఇవ్వగలం అని. శాలువా, జ్ఞాపిక కంటే ఆ డబ్బు, ఒక మంచి అంటు మొక్క నయం. పల్లె నుంచి వచ్చే రైతుకి రాత్రి బస్సు ఎన్నింటికో కనుక్కుని దానికి తగ్గట్టు టైమ్ పెట్టండి, సన్మానం చివర్లో పెట్టి ఆయన్ని కూర్చోబెట్టేయకండి.

ఏడాది మొత్తానికి ఆరు సాయంత్రాలు పెట్టుకోగలరనుకుంటే నేనైతే ఇలా వేస్తాను. జూన్‌లో మిద్దెతోట ఆవిడ, విత్తనాలు పెట్టే టైమ్ కాబట్టి, చామంతి కొమ్మలు నాటుకోవడం కూడా అప్పుడే, అది పొద్దు తగ్గితేనే పూసే మొక్క కాబట్టి వీధిలైటు పడే చోట పెట్టొద్దని చెప్పించాలి. జూలై ఆఖర్లో నర్సరీ ఆయనతో గాలి అంటు, అదే రోజు బీరపూలు. సెప్టెంబర్‌లో సైంటిస్టు, వానలకి పురుగులు, తెగుళ్లు బాగా కనపడే టైమ్ అది, శాంపిల్ కవర్లకి కొదవుండదు. అక్టోబర్ ఖాళీగా ఉంచుతా, తుఫాను కబురొస్తే అందరూ కుండీలు కిందికి దింపుకునే పనిలో ఉంటారు, స్పీకర్‌కి మాటిచ్చి చివరి నిమిషంలో వద్దనడం బాగోదు. కార్తీకంలో ఎలాగూ వనభోజనాలకి వెళ్తాం కాబట్టి చెట్ల మాస్టారిని అక్కడికే రమ్మంటా. డిసెంబర్‌లో మల్లెలు కత్తిరించి ఆకు దూసే పని ఉంటుంది, అప్పుడు మళ్లీ మన సభ్యుల్లోనే చేయి తిరిగినవాళ్లు, కత్తెర చేతిలో పెట్టి ఒక్కొక్కరి చేత చేయించాలి. ఇంజనీర్ని ఫిబ్రవరిలో, ఎండాకాలంలో మేడ మరమ్మతులు చేయించుకునే ముందు. మార్చి నుంచి మే దాకా సాయంత్రం ఆరైనా శ్లాబు వేడి దిగదు, ఆ మూడు నెలలు వీడియో కాల్స్‌కి వదిలేయండి, వెంకటరామన్నగూడెం వాళ్లని అడగాల్సింది అప్పుడే.